మా సర్వరు ఎంత తింటుంది?

మా విశ్వవిద్యాలయానికి సర్వరు ఒక్కటే. పరీక్షల విభాగం పక్కన, ఒకప్పుడు పాత జవాబు పత్రాల మూటలు పడేసిన గదిలో ఉంటుంది. హాల్ టికెట్లు ఇచ్చేది అదే, మార్కులు కూడేది అదే, పాసో ఫెయిలో తేల్చేదీ అదే. నేను ఆ విభాగంలో సూపరింటెండెంటుని. పేరు భ్రమరాంబ. ఫ్యాన్లు కరెంటు తింటాయని తెలుసు, ఆచార్యుల గదుల్లో ఏసీలు తింటాయని ఇంకా బాగా తెలుసు. సర్వరు తిండి సంగతి మాత్రం నా సర్వీసులో ఎప్పుడూ నా బుర్రకి తట్టలేదు. అది గుట్టుగా సంసారం చేసుకునే మనిషిలాంటిది. అలాంటి మనిషి కంచంలోకి ఎవరు తొంగిచూస్తారు?

పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. “సర్వర్ల విద్యుత్ వినియోగమును అనుక్షణము గమనించు సాఫ్ట్‌వేరును తక్షణము నెలకొల్పి, వినియోగమును తగ్గించి, తగ్గిన శాతమును నివేదించవలసినదిగా ఆదేశించడమైనది. అత్యధిక శాతము తగ్గించిన సంస్థకు హరిత కిరీటము బహూకరింపబడును” అని అందులో ఉంది. మా వైస్ ఛాన్సలర్ గారు కిరీటం అన్న మాట దాకా చదివి, సర్క్యులర్ మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రానికే కమిటీ వేశారు. అధ్యక్షులు ఆచార్య కోదండపాణి గారు. ఆయన ప్రాచీన చరిత్ర చెప్తారు. కరెంటుకీ ఆయనకీ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. పూర్వం మన దేవాలయాల్లో ఆముదపు దీపాలు ఎంత పొదుపుగా వెలిగించేవారో ఆయన ఏదో సభలో రెండు గంటలు మాట్లాడారు. ఇంధనం మీద మా ప్రాంగణంలో అంతసేపు మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు. నన్ను సభ్యురాలిగా వేశారు, సర్వరు గది తాళం నా దగ్గర ఉంటుంది గనుక.

సర్వరు చూసుకునే కుర్రాడు రియాజ్. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. సంగతి చెప్పగానే లోపలికెళ్ళి, టీ వచ్చేలోపు బయటికొచ్చాడు.

“పెట్టేశాను మేడం. ఎంత లాగుతోందో కనపడుతోంది.”

కోదండపాణి గారి మొహం మాడిపోయింది. “పెట్టేశావా? ఎవరిని అడిగి పెట్టావయ్యా? సోమవారం వీసీ గారి అమృత హస్తాల మీదుగా ప్రారంభోత్సవం అనుకున్నాం. ఆహ్వాన పత్రాలు అచ్చుకెళ్ళాయి!”

“పోనీ ఉండనివ్వండి సార్. సోమవారం ఊరికే మీట నొక్కిస్తే సరిపోద్ది.”

“ఉన్నదాన్ని ప్రారంభించడం మోసం. తీసెయ్.”

రియాజ్ తీసేశాడు. సోమవారం రాహుకాలం వెళ్ళాక, గడప ముందు కొబ్బరికాయ కొట్టి, సర్వరుకి బొట్టుపెట్టి, బంతిపూల దండ వేశారు. దండ గాలి పోయే రంధ్రాలకి అడ్డంపడి సర్వరు రొప్పడం మొదలెట్టింది. రియాజ్ మెల్లగా దాన్ని పక్కకి జరిపాడు. వీసీ గారు మీట నొక్కారు. తెర మీద నూట డెబ్బై వాట్లు అని పడింది. అందరం చప్పట్లు కొట్టాం.

“ఇది ఎక్కువా, తక్కువా?” అన్నారు వీసీ గారు.

ఎవరికీ తెలియదు. కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. “ఎంతైనా కానివ్వండి సార్, తగ్గించవలసిన స్థాయిలోనే ఉంది.”

అసలు తెలివి మర్నాడు కమిటీ సమావేశంలో బయటపడింది. తగ్గిన శాతాన్ని మొదటి వారం వాడకంతో పోల్చి లెక్కకడతారని సర్క్యులర్ రెండో పేజీలో ఉంది. ఆ పేజీ చదివిన ఘనత కోదండపాణి గారిదే.

“తగ్గాలంటే ముందు పెరగాలి. మొదటి వారమే నూట డెబ్బై దగ్గర కూర్చుంటే ఇక తగ్గేదెక్కడికి? కాబట్టి ఈ వారం సర్వరు చేత వీలైనంత తినిపించాలని తీర్మానిస్తున్నాం.”

నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మార్చి నెలాఖరున మిగిలిన నిధులతో అవసరం లేని బీరువాలు కొనే ఆఫీసు మాది. ఈ లెక్క మాకు కొత్తేం కాదు. సర్వరుకి పని పురమాయించడం నా వంతైంది. ఎనభైల నాటి బీకాం ఫలితాలన్నీ తిరిగి కూడించాను. అయిపోగానే మళ్ళీ కూడించాను. ప్రతిసారీ అవే మార్కులు వచ్చాయి. ఒకాయన ప్రతిసారీ అకౌంటెన్సీలో తప్పాడు, పాపం. సర్వరు గది పొయ్యిగదిలా వేడెక్కింది. తెర మీద వాట్లు చూపించే గీత మాత్రం పైకి, ఇంకా పైకి పోతోంది. కోదండపాణి గారు దాన్ని మనవడి ఎత్తు కొలుచుకునే తాతగారిలా మురిపెంగా చూసుకునేవారు.

ఆ వారంలోనే ఎస్తేరు రాణి నా బల్ల ముందుకొచ్చింది. బీఎడ్ చివరి పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తున్న పిల్ల. గురుకుల పాఠశాలలో టీచరు పోస్టుకి ఎంపికైంది. ఉన్న ప్రైవేటు బడి కొలువు మానేసుకుంది.

“మేడం, వచ్చే శుక్రవారం జిల్లా ఆఫీసులో సర్టిఫికెట్లు చూత్తారంట. సాయంత్రం ఐదింటి లోపు మార్కుల మెమో చూపిత్తేనే ఉద్యోగం. లేదంటే నా కింద ఉన్నోళ్ళకి ఇచ్చేత్తారంట. మా బీఎడ్ రిజల్టు ఎప్పుడిత్తారు మేడం?”

మార్కులన్నీ సర్వరులోకి ఎక్కించే ఉన్నాయి. కూడి, తేల్చి, మెమో నంబరు ఇచ్చి అచ్చు వెయ్యడమే మిగిలింది. నేను కోదండపాణి గారి దగ్గరికెళ్ళాను. “సార్, ఎలాగూ సర్వరుకి పని కావాలి కదా. ఎనభైల బీకాం బదులు ఈ ఏటి బీఎడ్ నడిపితే గీతా పెరుగుద్ది, ఫలితాలూ వస్తాయి.”

ఆయన నావైపు జాలిగా చూశారు. “కొత్త ఫలితాల్లో తప్పులొస్తాయండీ. దిద్దాలంటే మధ్యలో ఆపాలి. ఆపితే గీత పడిపోతుంది. పాత ఫలితాల్లో తప్పులొచ్చినా అడిగేవాడు లేడు. వచ్చే వారం చూద్దాం.”

వచ్చే వారం రమ్మని చెప్పాను ఎస్తేరుకి. పిచ్చిదాన్ని కాకపోతే, వచ్చే వారం ఏం జరగబోతోందో ఊహించుకోవద్దూ!

ఆ వచ్చే వారం పొదుపు మొదలైంది. వీసీ గారి గదిలో గోడంత టీవీ బిగించారు, గీత చూసుకోవడానికి. టీవీ వేడికి ఇంకో ఏసీ పెట్టారు. ఆ రెండింటి కరెంటు సర్వరు ఖాతాలోకి రాదు గనుక ఎవరూ బాధపడలేదు. వీసీ గారు ఫైళ్ళు పక్కన పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గీతనే చూసేవారు. గీత ఏమాత్రం తలెత్తినా నాకు మెమో వచ్చేది. “ఈ ఉదయము వినియోగము అకస్మాత్తుగా పెరిగినట్లు గమనించడమైనది. తగు సంజాయిషీ సమర్పించవలెను.” ఒక విద్యార్థికి హాల్ టికెట్ ఇవ్వడమైనదని రాశాను. “ఇకమీదట ఇటువంటివి పునరావృతము కారాదు” అని జవాబొచ్చింది. అప్పట్నుంచి హాల్ టికెట్లు చేత్తో రాసివ్వమన్నాను. మా గుమాస్తాలు పెన్ను పట్టి చాన్నాళ్ళైంది. ఒక అబ్బాయి హాల్ టికెట్లో సబ్జెక్టుకి బదులు వాళ్ళ నాన్న పేరు పడింది. పరీక్ష హాల్లో ఆ అబ్బాయిని ఏం రాయమన్నారో నాకు తెలియదు.

అన్నీ ఆపేసినా గీత ఒక చోట ఆగిపోయింది, కిందకి దిగనంది. వీసీ గారు రియాజ్‌ని పిలిపించారు.

“సార్, ఇప్పుడు సర్వరు తినేదాంట్లో కొంత మన కొలిచే సాఫ్ట్‌వేరే తింటోంది.”

“కొలిచేది ఎందుకు తింటుంది?”

“అదీ పనే కద సార్. సెకనుకోసారి కొలిచి, రాసుకుని, మీ టీవీకి పంపాలి. అయిదు నిమిషాలకోసారి పెడితే తగ్గుద్ది.”

“నిఘాలో సడలింపా!” అని కోదండపాణి గారు కుర్చీలోంచి లేచారు. “కుదరదు. అది ఎంత తింటోందో తెలియాలి. దాన్ని కొలవడానికి ఇంకోటి పెట్టు.”

రియాజ్ ఇంకోటి పెట్టాడు. అదీ తిన్నది. దాన్ని కొలవడానికి మూడోది పెట్టారు. మూడోదాన్ని ఎవరు కొలుస్తారన్న ప్రశ్న మీద కమిటీ మధ్యాహ్నం దాకా కూర్చుని, మూడోదాన్ని నమ్మాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. గీత కిందకి దిగకపోగా ఇంకాస్త లేచింది. అయ్యవారు ఏం చేస్తున్నారంటే చేసిన తప్పులు దిద్దుకుంటున్నారని ఊరికే అన్నారా?

చివరికి వీసీ గారే పరిష్కారం కనిపెట్టారు. “కొలిచే సాఫ్ట్‌వేరులని తియ్యడానికి వీల్లేదు, సర్క్యులర్ ఒప్పుకోదు. అవి కాక సర్వరు మీద ఇంకేమున్నాయి?”

“పరీక్షలవి ఉన్నాయి సార్” అన్నాడు రియాజ్.

“అవి పెట్టమని ఏ సర్క్యులరైనా చెప్పిందా?”

చెప్పలేదు మరి. మా విశ్వవిద్యాలయం పుట్టినప్పట్నుంచీ పరీక్షలు పెట్టుకోమని ఎవరూ రాసివ్వలేదు, అలవాటు కొద్దీ పెట్టుకుంటున్నాం.

పరీక్షల సాఫ్ట్‌వేరునీ మార్కులనీ ఒక డిస్కులోకి ఎక్కించి, నా బీరువాలో పెట్టి తాళం వేశారు. సర్వరు మీద ఇప్పుడు మూడే మిగిలాయి. సర్వరుని కొలిచేది, దాన్ని కొలిచేది, దాన్ని కొలిచేదాన్ని కొలిచేది. మా సర్వరు పొద్దస్తమానం తను ఎంత తింటోందో చూసుకోవడానికే తింటోంది. గీత నేలబారుకొచ్చింది. మొదటి వారంతో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. రాష్ట్రంలో మేమే ముందున్నామని కబురొచ్చింది. శుక్రవారం పరిశీలక బృందం వచ్చి, అక్కడికక్కడే కిరీటం ఇస్తుందన్నారు.

శుక్రవారం. ఆ మాట వినగానే నాకు ఎస్తేరు గుర్తొచ్చింది. ఆ పిల్ల రోజూ వస్తూనే ఉంది. గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చుని, నన్ను చూడగానే లేచేది. నేను తల అడ్డంగా ఊపితే మళ్ళీ కూర్చునేది. తిట్టినా బాగుండేది, తిట్టేది కాదు. నాకే ఒళ్ళు మండి కోదండపాణి గారి గదిలోకి వెళ్ళాను.

“ఒక్క పిల్ల సార్. ఒక్క మెమో. డిస్కు పెట్టి, నడిపి, తీసేస్తాం.”

“ఎన్ని వాట్లవుతుంది?”

“సార్, ఆ పిల్ల ఉద్యోగం పోద్ది!”

“ఎన్ని వాట్లో రాసి పెట్టండి. కమిటీ ముందుంచుతాం. సోమవారం కూర్చుంటాం.”

“శుక్రవారమే ఆఖరు సార్.”

“శుక్రవారం పరిశీలకులు వస్తున్నారు కదండీ” అన్నారాయన, నేనేదో పండగపూట అపశకునం పలికినట్టు.

శుక్రవారం పొద్దున ఆడిటోరియంలో సభ. వేదిక వెనక పెద్ద తెర మీద మా గీత. ముందు వరసలో పరిశీలకులు. వీసీ గారు మాట్లాడుతూ, ఈ యజ్ఞంలో విద్యార్థులు కూడా సహకరించారని చెప్పి, “ప్రతిరోజూ కార్యాలయానికి వచ్చి కూడా ఒక్కసారైనా సర్వరును ఉపయోగించకుండా వెళ్ళిన ఆదర్శ విద్యార్థిని” అంటూ ఒకరిని వేదిక మీదకి పిలిచారు. కోదండపాణి గారు బెంచీ మీద నుంచి లేపి తీసుకొచ్చింది ఎవరినో చెప్పక్కర్లేదు. శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చారు.

ఎస్తేరు మైకుని రెండు చేతుల్తో పట్టుకుంది. “సార్, నేను పాసయ్యానా?”

వీసీ గారు కోదండపాణి గారి వైపు చూశారు. కోదండపాణి గారు నా వైపు చూశారు. నాకూ తెలియదు. ఆ హాల్లోనే కాదు, ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అది తేల్చాల్సిన సర్వరు గదిలో కూర్చుని తన కంచం తనే లెక్కపెట్టుకుంటోంది.

“అమ్మాయి చాలా చక్కగా మాట్లాడింది” అన్నారు వీసీ గారు మైకు తీసుకుని. పరిశీలకులు చప్పట్లు కొట్టారు.

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ నా చేత్తోనే కదా ఎనభైల బీకాంలు కూడించాను, నా బీరువాకే కదా తాళం వేశాను! లేచి బయటికొచ్చాను. రియాజ్ నా వెనకే వచ్చాడు.

“మేడం, ఉద్యోగం పోద్దేమో.”

“నాదా, నీదా?”

“ముందు నాదే. కానీండి మేడం, డిస్కు ఇవ్వండి.”

డిస్కు పెట్టాం. సాఫ్ట్‌వేరు ఎక్కించాం. ఎస్తేరు ఒక్కదాని కోసం పెట్టడమేంటని మొత్తం బీఎడ్ అంతా నడిపించాం. సర్వరు చాన్నాళ్ళకి పని దొరికిన కూలీలా కదిలింది. మా వెనకే వచ్చిన ఎస్తేరు, సర్వరు గది గుమ్మం దగ్గర శాలువా చుట్టచుట్టి పట్టుకుని నిలబడింది. మెమో బయటికి రాగానే నేనే చదివాను.

“పాసయ్యావమ్మాయ్. ఫస్టు క్లాసు.”

“ప్రభువా!” అని ఆ కాగితాన్ని గుండెకి హత్తుకుంది. అప్పుడు ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ, “బస్సు పోద్ది, పరిగెత్తు!” అని కసిరాను. పరిగెత్తింది.

పని అయిపోలేదు. జిల్లా ఆఫీసు వాళ్ళు మెమో నంబరు కొట్టి, మా సర్వరులో ఉందో లేదో సరిచూస్తారు. వాళ్ళు చూసేదాకా ఇక్కడ పరీక్షల సాఫ్ట్‌వేరు నడుస్తూ ఉండాలి. నేను కుర్చీ లాక్కుని స్విచ్చు బోర్డుకి వీపు ఆనించి కూర్చున్నాను.

కోదండపాణి గారు రొప్పుకుంటూ వచ్చారు. “భ్రమరాంబ గారూ! ఏమిటీ అఘాయిత్యం? గీత నిలువునా లేచింది. పరిశీలకులు అదేమిటని అడుగుతున్నారు. తీసెయ్యండి!”

“ఐదింటికి తీసేస్తాను సార్.”

“లేవండి, నేనే కట్టేస్తాను.”

“కట్టెయ్యండి. సర్వరు ఆగితే కొలిచేవి కూడా ఆగిపోతాయి. తెర మీద గీతే ఉండదు. పరిశీలకులకి ఏం చూపిస్తారు?”

ఆయన చెయ్యి గాలిలో ఆగిపోయింది. కట్టేస్తే కిరీటం పోతుంది, కట్టకపోయినా పోతుంది. ప్రాచీన చరిత్రలో ఇలాంటి సందర్భం ఆయనకి తగిలినట్టు లేదు. కాసేపు నిలబడి, రియాజ్ స్టూలు మీద చతికిలబడ్డారు.

ఫోన్ మోగింది. వీసీ గారు. “ఇది తీవ్రమైన క్రమశిక్షణా రాహిత్యం. చర్య తీసుకోవలసి వస్తుంది.”

“చిత్తం సార్. రాసి పంపండి, సంజాయిషీ ఇస్తాను.”

“తక్షణమే వినియోగాన్ని తగ్గించండి!”

“ఐదింటికి సార్” అని పెట్టేశాను. నా సర్వీసులో వీసీ గారి ఫోను నేను ముందు పెట్టడం అదే మొదలు. అబద్ధమెందుకు, కాస్త హాయిగా అనిపించింది.

మధ్యాహ్నం గడిచింది. రియాజ్ టీ తెచ్చాడు. కోదండపాణి గారు కూడా తాగారు. ఐదవుతుండగా నా ఫోను మోగింది. ఎస్తేరు.

“చేరావా అమ్మాయ్? మెమో చూశారా? నంబరు కొట్టారా?”

“చేరాను మేడం, ఇంకా టైముంది. మెమో చేతిలోనే ఉంది. కానీ వీళ్ళు నంబరు కొట్టట్లేదు.”

“కొట్టకపోవడమేంటి? ఇక్కడ సర్వరు నడుస్తూనే ఉందే!”

“మీది కాదు మేడం. ఇక్కడిది. వీళ్ళకీ ఏదో సర్క్యులర్ వచ్చిందంట. కరెంటు తగ్గించాలని పొద్దున్నే వీళ్ళ సర్వరు కట్టేశారంట. సర్వరు లేదు కాబట్టి చూడ్డం కుదరదు, గడువు మాత్రం గడువే, ఐదు దాటితే రానట్టే రాసుకుంటామంటున్నారు.”

“కరెంటు తగ్గించాలని సర్వరే కట్టేశారా!” అని అరిచాను. కోదండపాణి గారు మాత్రం మెచ్చుకోలుగా తల ఊపారు. “పూర్తిగా కట్టేశారా? మనకి తట్టలేదే!” అన్నారు.

“ఇప్పుడెక్కడున్నావమ్మా?” అన్నాను.

“వాళ్ళ ఆఫీసర్ గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను మేడం. మెమో చూసేదాకా లేవనని చెప్పాను. నాలాంటోళ్ళు ఇంకో ముప్పై మంది ఉన్నారు, వాళ్ళూ కూర్చున్నారు. ఆఫీసర్ గారు ఇంటికెళ్ళాలంటే మా మీంచి దాటుకుని పోవాలి.”

“లెగవకు. ఎవరేమన్నా సరే లెగవకు. వస్తున్నాను.”

ఫోను సంచిలో వేసుకుని కుర్చీలోంచి లేచాను. కోదండపాణి గారి మొహం విచ్చుకుంది. “హమ్మయ్య, లేచారా! ఎక్కడికండీ?”

“జిల్లా ఆఫీసుకి. రియాజ్, నువ్వీ కుర్చీలో కూర్చో, ఎవరొచ్చినా లెగవకు.”

రియాజ్ కూర్చున్నాడు. కోదండపాణి గారు నాతోపాటు గుమ్మం దాకా వచ్చారు. “అక్కడ మీకేం పనండీ? అది మన సర్వరు కూడా కాదు కదా!”

“వాళ్ళ స్విచ్చు ఎక్కడుందో చూడాలి సార్” అని చెప్పులేసుకున్నాను.